ముక్కల జానమాజ్



మీ ఇంట్లో ఒక గుడ్డపీలికల మూట ఉండే ఉంటుంది. బీరువా అడుగునో, అటక మీదనో, కుట్టుమిషను పక్కన పాత దిండు గలీబులోనో అది కనిపిస్తుంది. ఈద్‌కు కుట్టించిన కమీజులో మిగిలిన అరచేతి వెడల్పు గుడ్డ, చిన్నవాడి కుర్తా కత్తిరించగా పడిన ముక్క, చిరిగిన దుపట్టాలో గట్టిగా ఉన్న అంచు అందులో చేరుతూ ఉంటాయి. పారవేయడానికి మనసొప్పదు, పనికి తేవడానికి తీరిక దొరకదు. ఏటా రమజాన్‌కు ముందు ఇల్లు సర్దేటప్పుడు ఆ మూట విప్పుతాము, చూస్తాము, మళ్ళీ కడతాము.

ఈ నెల ఆ మూటను గురించే మాట్లాడదలచాము. ఏడేళ్ళ బిడ్డకు సరిపడే చిన్న జానమాజ్‌ను ఆ ముక్కలతో బొంతగా కుట్టుకునే విధానాన్ని వివరిస్తాము. అయితే సూదిలో దారం ఎక్కించడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మా విద్యార్థినులకు ఈ పని అప్పగించినప్పుడు మేము దానిని చెప్పడం మరచిపోయాము. ఆ పొరపాటు వల్ల ఏం జరిగిందో కూడా దాచకుండా చెబుతాము.

పాత గుడ్డను గౌరవించిన ఇల్లు

ఇస్రాఫ్ అనగానే మనకు వలీమా విందులో పారబోసిన అన్నం గుర్తుకు వస్తుంది. కాని నమాజు వేళ వస్త్రాలంకరణ చేసుకోమని ఆదేశించిన ఆయతులోనే, తినడం త్రాగడం గురించి చెబుతూ, హద్దు మీరవద్దని అల్లాహ్ హెచ్చరించాడు (7:31). మరొకచోట దివ్య ఖుర్ఆన్ దుబారా చేసేవారిని షైతానుల సోదరులుగా పేర్కొన్నది (17:27). ఈ హెచ్చరికలు వంటింటికి మాత్రమే పరిమితమని ఎవరూ అనుకోరాదు. ప్రతి ఈద్‌కూ కొత్త బట్టలు కుట్టించుకుని నిరుటి బట్టలను చెత్తబుట్టలో వేసే ఇంటికి కూడా అవి వర్తిస్తాయి.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఇచ్చిన సమాధానం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఆయన తన బట్టలు తానే కుట్టుకునేవారు, తన చెప్పులు తానే బాగు చేసుకునేవారు. సూదీ దారమూ ఆడవారి పనిగా భావించి ముఖం తిప్పుకునే పురుషులు ఈ ఉల్లేఖనను ఒకసారి గుర్తుచేసుకోవాలి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఆయన భుజాల నడుమ ఒకదానిపై ఒకటిగా మూడు అతుకులు ఉండటం తాను చూశానని హజ్రత్ అనస్ (రజి) చెప్పినట్లు ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉంది. ఇరాక్, సిరియా, ఈజిప్టు దేశాలు ఆయన పాలన క్రిందికి వచ్చాయి. కొత్త అంగీ కొనలేని స్థితి కాదు ఆయనది.

మన విషయానికి మరింత దగ్గరగా ఉన్న సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలున్న తెర ఒకటి ఇంట్లో వ్రేలాడదీశారు. దైవప్రవక్త (స) దానిని ఇష్టపడలేదు, తొలగించారు. ఆ తెర గుడ్డను ఆమె పారవేయలేదు. దానిని కోసి ఇంట్లో ఆనుకుని కూర్చోవడానికి దిండ్లు తయారు చేశారు. గోడ మీద ఉండకూడని గుడ్డ నేల మీద ఉపయోగపడింది. ఒక వస్తువు ఒక పనికి తగనిదైతే మరొక పనికి తగినదేమో చూడాలనే పాఠం ఇందులో ఉంది.

ఇక జానమాజ్ సంగతి. హజ్రత్ అనస్ (రజి) గారి అమ్మమ్మ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచారు. భోజనానంతరం నమాజ్ చదువుదాము రండని ఆయన అన్నప్పుడు హజ్రత్ అనస్ (రజి) ఇంట్లో ఉన్న చాప తెచ్చారు. ఎన్నాళ్ళుగానో వాడటం వల్ల అది నల్లబడి ఉంది. దానిపై నీళ్ళు చిలకరించారు. దైవప్రవక్త (స) దానిమీదే నిలబడి రెండు రకాతులు చదివించారు (సహీహ్ బుఖారీ). మానవాళిలో అత్యుత్తముని నుదురు ఆనిన చాప అది. పట్టు కుచ్చులూ, మెత్తని నూగూ ఉన్న జానమాజ్ లేదని చింతించే మనకు ఈ ఒక్క ఉల్లేఖన చాలు.

మన తెలుగునాట బొంత కుట్టని పల్లె లేదు. దక్కనీ మాట్లాడే ఇళ్ళలో దీనినే గోదడీ అంటారు. పాత నూలు చీరలు మడతలుగా పరచి, చిరిగిన చోట పై గుడ్డ ముక్క వేసి, చుట్టూ వరుసలుగా సాదా కుట్టు వేస్తారు. పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ స్త్రీలు ఇదే కోవలో కవండి అనే బొంతను కుడతారు. వారిలో ముస్లింలూ, హిందువులూ, క్రైస్తవులూ ఉన్నారు. బొంత మధ్య నుంచి కాక అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోవడం వారి పద్ధతి. ఈ విద్య మన అమ్మమ్మల చేతుల్లో ఉండేది. మన చేతుల్లోకి రాకుండానే పోతోందనే బాధతోనే మేము మా విద్యార్థినులకు ఆ పని అప్పగించాము.

మేము మరచిన ప్రశ్న

మా మదరసాలో షాబాన్ నెలలో సెలవులు ఇస్తారు. ఆ సెలవులకు ముందు ఇస్రాఫ్ గురించి పాఠం చెప్పి, "మీ ఇళ్ళలో ఏ ముక్కలుంటే ఆ ముక్కలతో ఒక చిన్న జానమాజ్ కుట్టుకుని రండి" అన్నాము. కొలతలు ఇచ్చాము, కుట్టు చూపించాము. సజ్దా చేసే చోట సాదా గుడ్డ వేయాలని, దానికి కారణం కూడా చెప్పాము. షవ్వాల్‌లో మదరసా తెరిచాక బాలికలు తమ పని పట్టుకుని వచ్చారు. కొన్ని వంకరగా వచ్చాయి, కొన్ని సగంలో ఆగాయి. ఒక బాలిక తెచ్చిన జానమాజ్ మాత్రం అన్నింటిలోకీ చక్కగా ఉంది. చుట్టూ పూలగుడ్డల చదరాలు, నడుమ లేత ఆకుపచ్చని నూలు గుడ్డ. ఒక్క పూవు, ఒక్క గీత లేదు. మేము దానిని అందరికీ ఎత్తి చూపించి మెచ్చుకున్నాము.

మెచ్చుకున్న తరువాత అడిగాము.

"ఈ ఆకుపచ్చ గుడ్డ ఎక్కడిదమ్మా?"

"మా అమ్మీ దగ్గరకు కుట్టడానికి వచ్చిన బట్టలో మిగిలింది, ఆపా."

"ఇచ్చినవారికి చెప్పి తీసుకున్నారా?"

ఆ బాలిక కొంచెం తడబడింది. "మిగిలిన ముక్కలు ఎవరూ అడగరు కదా, ఆపా" అన్నది.

అది పొగరుతో అన్న మాట కాదు. ఊరంతా అనుకునే మాట. మేము కూడా ఇన్నేళ్ళుగా దర్జీలకు బట్ట ఇస్తూనే ఉన్నాము, మిగిలిన గుడ్డ ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. కాని అల్లాహ్ ముందు నుదురు ఆనించే చోట, యజమానికి తెలియకుండా తీసుకున్న గుడ్డ ఉంది. దానిని మేము చేతిలో పట్టుకుని తరగతికంతటికీ ఆదర్శంగా చూపించాము. ఆ క్షణంలో మాకు కలిగిన సిగ్గు ఆ బాలిక వల్ల కలిగింది కాదు. "ఏ ముక్కలుంటే ఆ ముక్కలు" అన్నది మేము. ఇస్రాఫ్ పాఠం చెప్పి అమానత్ పాఠం చెప్పకుండా పిల్లలను ఇంటికి పంపింది మేము.

తోటివారి ముందు ఆ బాలికను మరొక్క ప్రశ్న కూడా అడగలేదు. జుమా సెలవునాడు తల్లిని వెంటబెట్టుకుని రమ్మన్నాము. ఈలోగా తరగతిలో, ఎవరి పేరూ ఎత్తకుండా, మిగిలిన సగం పాఠం చెప్పాము. ఇక్కడ కూడా ఆ పాఠమే వ్రాస్తున్నాము.

మిగిలిన గుడ్డ ఎవరిది?

దర్జీకి గుడ్డ ఇచ్చినప్పుడు మనం దానిని అమ్మడం లేదు. కుట్టి ఇమ్మని అప్పగిస్తున్నాము. కుట్టుకు కూలి ఇస్తాము. కనుక గుడ్డ మొత్తం ఇచ్చినవారి సొత్తే. కత్తిరించిన తరువాత మిగిలినది కూడా వారిదే. దర్జీ చేతిలో అది అమానత్. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమని ఖుర్ఆన్ ఆజ్ఞాపిస్తున్నది (4:58).

"ఇంత చిన్న ముక్కకు ఇంత లెక్కా?" అని ఎవరైనా అడగవచ్చు. హునైన్ యుద్ధం తరువాత సమరసొత్తు పంపకం జరుగుతున్నప్పుడు దైవప్రవక్త (స) సూదినీ దారాన్నీ సైతం తెచ్చి అప్పగించమని ప్రజలను ఆదేశించారు. ఈ ఉల్లేఖన మువత్తాలోనూ, ఇతర గ్రంథాలలోనూ ఉంది. ఒక బాధ్యతపై నియమితుడైనవాడు సూదినో అంతకంటే చిన్నదాన్నో దాచినా, ప్రళయదినాన దానికి జవాబు చెప్పుకోవాలని సహీహ్ ముస్లింలో మరొక ఉల్లేఖన ఉంది. ఎన్నో వస్తువులుండగా దైవప్రవక్త (స) సూదిని ఉదాహరణగా ఎంచుకోవడం కుట్టుపని చేసే మనకు ప్రత్యేకమైన హెచ్చరిక.

అయితే షరీఅత్ మనుషులను ఇరుకున పెట్టడానికి రాలేదు. ఫుఖహా ఇటువంటి విషయాలలో ఉర్ఫ్‌ను, అంటే ఊరి ఆనవాయితీని, లెక్కలోకి తీసుకుంటారు. కత్తెర క్రింద రాలే పోగులు, వేలెడు పీలికలు ఎవరూ తిరిగి కోరరు, వదిలేశారనే అర్థం. వాటిని దర్జీ వాడుకోవచ్చు. కాని జేబుకో, కాలరుకో, చంక అతుకుకో, పసిబిడ్డ టోపీకో పనికివచ్చే ముక్క అయితే అది గుడ్డ ఇచ్చినవారికి తిరిగి ఇవ్వవలసిందే, లేదా వారి అనుమతి తీసుకోవలసిందే. అందులోనూ రెండు మీటర్లు చాలునని తెలిసి రెండున్నర తెమ్మని చెప్పి, మిగిలినది ఉంచుకుంటే అది మోసం. మోసం చేసేవాడు తనవాడు కాడని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు (సహీహ్ ముస్లిం).

ఇతరుల సొత్తును అనుమతి లేకుండా పరచుకుని నమాజ్ చదివితే నమాజ్ బాధ్యత తీరుతుంది కాని ఆ పని మక్రూహ్ అని, హక్కు కాజేసిన పాపం అలాగే మిగిలి ఉంటుందని హనఫీ పండితులు చెబుతారు. యజమానులెవరో ఎంత వెదకినా తెలియకపోతే, ఆ ముక్కలను వారి తరఫున పేదలకు సదఖా చేయాలి. తరువాత యజమాని ఎదురుపడి అడిగితే విలువ చెల్లించడానికి సిద్ధపడాలి. ప్రత్యేకమైన సందేహాలుంటే మీ ఊరి ముఫ్తీ గారిని సంప్రదించండి.

మన సొంత ఇంటి ముక్కల విషయంలోనూ ఒక మాట. అత్తగారి పెట్టెలోని పాత ఓఢ్నీ, ఆడపడుచు విడిచివెళ్ళిన కుర్తా మన ఇంట్లో ఉన్నంత మాత్రాన మనవి కావు. అడిగితే కాదనరు. అడగకుండా కోస్తే నొచ్చుకుంటారు. కత్తెర వేయడం ఒక్క నిమిషం పని, కోసినదాన్ని మళ్ళీ చీరగా మార్చడం ఎవరి తరమూ కాదు.

ఆకుపచ్చ గుడ్డ కథ

జుమానాడు ఆ తల్లి వచ్చింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని కుట్టి పిల్లలను సాకుతున్న స్త్రీ. విషయం చెప్పే ముందు మా పొరపాటు చెప్పాము. ఆమె చాలాసేపు తల దించుకుని కూర్చుంది.

"ఆపా, ఒక్క ముక్క కూడా అమ్ముకోలేదు. పిల్లల గౌన్లకూ, గలీబులకూ వాడుకున్నాను. తప్పని ఎవరూ చెప్పలేదు" అన్నది.

"చెప్పవలసినవాళ్ళం మేమే, చెప్పలేదు" అన్నాము.

ఆమె ఇంట్లో మూట ఉంది. ఎవరి గుడ్డ ఏదో కుట్టినవారికి గుర్తుంటుంది. ఆ వారంలో ఆమె తనకు జ్ఞాపకం ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళింది. చాలామంది నవ్వి, "దీనికోసం ఇంత దూరం వచ్చావా, ఉంచుకోమ్మా" అన్నారు. ఒక పెద్దావిడ తన ముక్కలు తిరిగి తీసుకుని, వాటితో తానే దిండు కుట్టుకుంటానన్నారు.

ఆకుపచ్చ గుడ్డ మాత్రం అంగన్‌వాడీలో పనిచేసే ఒక హిందూ సోదరిది. తన కూతురికి గౌను కుట్టించారు. కుట్టించిన నెలలోపే ఆడుకుంటూ గేటు కొక్కేనికి తగిలి గౌను చిరిగింది. అతుకు వేయడానికి అదే రంగు గుడ్డ కోసం రెండు దుకాణాలు తిరిగారు, దొరకలేదు. పాపకు ఇష్టమైన గౌను మూలపడి ఉంది. "ఆ ముక్క ఇంకా ఉందా? ఉంటే అదే నాకు పెద్ద ఉపకారం" అన్నారు ఆమె.

ఎవరూ అడగరనుకున్న ముక్క కోసం ఒక తల్లి దుకాణాలు తిరిగిందన్నమాట.

ఆ బాలిక జానమాజ్ నడిమి గుడ్డ కుట్లు తానే విప్పింది. పది రోజులు కష్టపడి వేసిన కుట్లు. నూలును గట్టిగా వడికి తరువాత తానే తెంపివేసుకున్న స్త్రీ ఉపమానాన్ని ఖుర్ఆన్ (16:92) మాట తప్పేవారి కోసం చెప్పింది. ఇక్కడ మాట నిలుపుకోవడానికే కుట్లు విప్పవలసి వచ్చింది. ఆ గుడ్డతో తల్లి గౌనుకు అతుకు వేసింది, కూలి తీసుకోలేదు. అతుకు పోగా మిగిలినదాన్ని ఆ సోదరి మనస్ఫూర్తిగా తిరిగి ఇచ్చారు. కాని అది ఇక జానమాజ్ నడుమకు సరిపోదు. అంచున రెండు చదరాలకు సరిపోయింది. నడిమి చోటికి మేము మా తెల్లని దుపట్టా ఒకటి ఇచ్చాము. ఆ బాలిక రెండోసారి కుట్టిన జానమాజ్ కొలతలే ఇక్కడ ఇస్తున్నాము.

కుట్టే విధానం

పూర్తయిన జానమాజ్ 20 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉంటుంది. దీనికి కావలసినవి: 4½ అంగుళాల చదరపు ముక్కలు 36, సజ్దా స్థానానికి 12½ అంగుళాల చదరపు సాదా గుడ్డ ఒకటి, లోపల పరచడానికి ఒక పాత నూలు చీర లేదా దుప్పటి, అడుగు గుడ్డ 23 అంగుళాల వెడల్పు, 39 అంగుళాల పొడవు గలది, గట్టి నూలు దారం.

*ముక్కల ఎంపిక.* నూలు ముక్కలను మాత్రమే తీసుకోండి. నైలాను, జార్జెట్ ముక్కలు జారుతాయి, ఇస్త్రీకి ముడుచుకుంటాయి. అసలు పట్టు ముక్కలను పక్కన ఉంచండి. పురుషులు పట్టు ధరించడాన్నీ, దానిపై కూర్చోవడాన్నీ దైవప్రవక్త (స) వారించినట్లు బుఖారీలో ఉంది. మగబిడ్డ జానమాజ్‌లో పట్టు లేకుండా చూడటమే మేలు. మనుషుల, జంతువుల, పక్షుల బొమ్మలున్న ముక్కలను కూడా ఏరివేయండి.

*ఉతకడం.* ప్రతి ముక్కనూ కుట్టకముందే ఉతకాలి. నమాజ్ స్థలం శుభ్రంగా ఉండటం షరతు అన్నది మొదటి కారణం. కొత్త గుడ్డ, పాత గుడ్డ ఒకే రీతిన కుంచించవు, కుట్టాక ఉతికితే బొంత ముడతలు పడుతుందన్నది రెండవది. తడిపిన తెల్లగుడ్డతో ప్రతి ముక్కనూ రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్క ఈ పనికి వద్దు.

*కత్తిరింపు.* పాత క్యాలెండరు అట్టను 4½ అంగుళాల చదరంగా కోసి, దానిని గుడ్డపై పెట్టి చుట్టూ సుద్దతో గీయండి. అట్ట అంచు గుడ్డ పోగుల వెంబడి నిలువుగా ఉండాలి. ఏటవాలుగా కోసిన ముక్క సాగుతుంది, వరుస వంకరపోతుంది. ముక్క చిన్నదైతే రెండు ముక్కలను జోడించి ఇస్త్రీ చేసి, తరువాత అట్ట పెట్టి కోసుకోవచ్చు. అతుకు కనిపించడం ఈ పనిలో లోపం కాదు.

*అమరిక.* నేల మీద అన్నింటినీ పరచి చూసుకోండి. పై వరుసలో ఐదు చదరాలు. దాని క్రింద మధ్యలో సాదా గుడ్డ, దానికి కుడివైపు మూడు, ఎడమవైపు మూడు చదరాలు. ఆ క్రింద ఐదేసి చదరాల వరుసలు ఐదు. మొత్తం 36. పూల ముక్కలను అంచులకూ, పాదాలు ఉండే వైపుకూ వేయండి. నుదురు ఆనే చోట సాదాగా ఉండనివ్వండి. దైవప్రవక్త (స) ఒకసారి గుర్తులున్న ఉన్ని వస్త్రంలో నమాజ్ చదివారు. చూపు ఆ గుర్తులపై పడింది. నమాజ్ ముగియగానే దానిని అబూ జహమ్ (రజి)కు పంపించి, ఆయన వద్ద ఉన్న సాదా వస్త్రాన్ని తెప్పించుకున్నారు (సహీహ్ బుఖారీ). ఆయన ఏకాగ్రతనే కదిలించగలిగితే, ఏడేళ్ళ బిడ్డ సజ్దాలో పూలు లెక్కపెట్టకుండా ఉంటాడా?

*జోడించడం.* చదరాలను లోపలివైపు నుంచి పావు అంగుళం వదిలి కుట్టండి. మిషను లేకపోతే చేతికుట్టు చాలు. ముందుగా వరుసలుగా, తరువాత వరుసకు వరుసను కలపండి. సాదా గుడ్డ పక్క చదరాలను ముందు నిలువుగా మూడేసి కలిపి, ఆ పట్టీలను దానికి అటూ ఇటూ కుట్టండి. ఒక వరుస కుట్టు మడతలు కుడివైపుకూ, తరువాతి వరుసవి ఎడమవైపుకూ ఇస్త్రీ చేస్తే మూలలు ఒకదానిపై ఒకటి గుట్టగా పేరుకోవు.

*పొరలు.* అడుగు గుడ్డను బోర్లా పరవండి. దానిపై పాత చీరను రెండు మడతలుగా, 20½ అంగుళాల వెడల్పు, 36½ అంగుళాల పొడవుకు కోసి పరవండి. దానిపై ముక్కల పై గుడ్డ. అడుగు గుడ్డ నాలుగువైపులా అంగుళం పైన బయటికి కనిపించాలి. లోపల దూదిగాని, స్పాంజిగాని పెట్టవద్దు. పసిపిల్లలున్న ఇంట్లో జానమాజ్ అపవిత్రం కావడం మామూలే. కంటికి కనిపించని మలినమైతే మూడుసార్లు ఉతికి, ప్రతిసారీ పిండాలని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. దూది బొంతను పిండటం కష్టం. పలుచని నూలు పొరలను సులువుగా పిండవచ్చు, ఒక పూట ఎండలో ఆరిపోతాయి.

*కచ్చా కుట్టు, అసలు కుట్టు.* నడుమ నుంచి అంచులవైపుకు, జానెడు ఎడంగా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా పట్టించండి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగులుతుంది. ఆ తరువాత అసలు కుట్టు. గోధుమగింజంత కుట్టు, గోధుమగింజంత ఎడం. ప్రతి చదరం లోపల అంచుకు వేలెడు దూరంలో చుట్టూ ఒక వరుస చాలు. సాదా గుడ్డపై రెండంగుళాలకొక నిలువు వరుస వేయండి, అవి గుడ్డలో కలిసిపోయే రంగు దారంతో ఉండాలి. దారం ఒకటిన్నర మూరకు మించితే చిక్కుపడుతుంది. ముడిని పొరల మధ్యకు లాగి దాచేయండి, నుదుటికీ మోకాలికీ గుచ్చుకోకూడదు.

*అంచు.* బయటికి ఉన్న అడుగు గుడ్డను అర అంగుళం మడిచి, మళ్ళీ పై గుడ్డ మీదికి మడిచి, చుట్టూ కుట్టేయండి. కచ్చా కుట్లు లాగేయండి. చివరగా ఒక్క సూది అయినా లోపల మిగిలిపోలేదని అరచేత్తో అంతటా తడిమి చూడండి.

అసర్ నమాజ్ తరువాత రోజుకు అరగంట కేటాయిస్తే పదిహేను రోజుల్లో పని పూర్తవుతుంది. కొంచెమే అయినా నిలకడగా చేసే పనులు అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు మనకు తెలిసిందే. ఆ అరగంటలో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. మగపిల్లలకు కూడా సూదిలో దారం ఎక్కించడం నేర్పండి. ఏ ముక్క ఎవరి బట్టలోదో చెబుతూ ఉండండి.

చివరి మాట

పిల్లలకు ఏడేళ్ళు రాగానే నమాజ్ చదవమని చెప్పాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం (అబూ దావూద్). ఆ బాలిక తమ్ముడికి ఈ ఏడే ఏడేళ్ళు నిండాయి. ఆ జానమాజ్ వాడిదే. తెల్లని నడిమి చోటు చుట్టూ పాత కుట్ల రంధ్రాలు దగ్గరగా చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని దాచడానికి మరో కుట్టు వేయమంటావా అని వాళ్ళ అక్క మమ్మల్ని అడిగింది. వద్దన్నాము. ఆ రంధ్రాలు ఎందుకున్నాయని తమ్ముడు ఒకరోజు అడుగుతాడు. అప్పుడు చెప్పడానికి ఆమె దగ్గర ఒక పాఠం ఉంది.

ఆ తల్లి ఇప్పుడు బట్ట తీసుకునేటప్పుడే, మిగిలిన గుడ్డ కావాలా, వద్దా అని అడుగుతోంది. కావాలన్నవారికి కుట్టిన బట్టతోపాటే మడిచి ఇస్తోంది. వద్దన్నవారివి తీసుకుంటోంది. అవి ఆమెకు హలాల్. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె మీద వీధివారికి నమ్మకం పెరిగిందని విన్నాము. మేము కూడా మా దర్జీ వద్దకు వెళ్ళినప్పుడు సిగ్గు విడిచి అదే మాట అడుగుతున్నాము. మీలో కుట్టుపని చేసే సోదరీమణులు ఈ ప్రశ్నను అలవాటు చేసుకోవాలనీ, కుట్టించుకునేవారు మిగిలిన గుడ్డ సంగతి ముందే చెప్పి దర్జీని ఇబ్బంది నుంచి తప్పించాలనీ కోరుతున్నాము.

ఈ రోజే మీ మూట విప్పండి. ముందు ప్రతి ముక్కకూ యజమాని ఎవరో గుర్తుచేసుకోండి. ఆ తరువాత కత్తెర పట్టండి.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను దుబారా నుంచి కాపాడు. మా చేతుల్లో ఉన్న ఇతరుల సొత్తును, అది వేలెడు గుడ్డయినా సరే, హక్కుదారులకు చేర్చే ధైర్యం మాకు ప్రసాదించు. మేము మరచి చెప్పని పాఠాలకు మమ్మల్ని క్షమించు. మా బిడ్డల సజ్దాలను హలాల్ నేలపైన, హలాల్ వస్త్రంపైన స్వీకరించు. ఆమీన్.